బావగారి మిల్లు చెక్క కాదనలేం, కోళ్ళేమో ఎదగడం లేదు

కోనసీమ నుంచి ఒక గృహిణి రాసిన ఉత్తరం ఇది. పేరు, ఊరు వేయవద్దని కోరారు.

కొబ్బరితోటను ఆనుకుని వాళ్ళకు మూడు వేల కోళ్ళు పట్టే బ్రాయిలర్ షెడ్డు ఉంది. ఏ కంపెనీతోనూ ఒప్పందం లేదు. కోడిపిల్లల్ని కొనుక్కోవడం, మేత కలుపుకోవడం, కోళ్ళు అమ్ముకోవడం అన్నీ సొంతమే. మేత భర్త కలుపుతారు, లెక్కల పుస్తకం ఈమె రాస్తారు. 2025 ఫిబ్రవరిలో తణుకు మండలం వేల్పూరులో, పెరవలి మండలం కానూరులో బర్డ్ ఫ్లూ బయటపడ్డాక చికెన్ కొనేవాళ్ళు లేక, చేతికొచ్చిన బ్యాచ్‌ను అయినకాడికి అమ్ముకున్నారు. మేత బాకీ, పిల్లల బాకీ మీద పడ్డాయి. అప్పుడు ఆదుకున్నది పెద్ద ఆడపడుచు భర్త, అంటే ఈమె భర్తకు బావగారు. ఆయనకు నూనె మిల్లు ఉంది. వడ్డీ లేకుండా మూడు లక్షలు సర్దారు. తర్వాత, "సోయా చెక్క కిలో 48 పెట్టి ఎందుకు కొంటారు, మన మిల్లు వేరుశనగ చెక్క 38కి ఇస్తాను, డబ్బు మెల్లగా ఇద్దురుగాని" అన్నారు.

అప్పటి నుంచి క్వింటా మేతలో పది కిలోల సోయా తీసేసి ఆ చెక్క వేస్తున్నారు. మొదటి రోజు పిల్లల మేతలో కూడా అదే. ఈమధ్య కొంత కొబ్బరి చెక్క కూడా చేరింది. ఇంతకుముందు 38 రోజులకు రెండు కిలోలు తూగి, కిలో బరువుకు 1.7 కిలోల మేత తినే కోళ్ళు ఇప్పుడు 44 రోజులకు 1.8 కిలోలు తూగుతున్నాయి. కిలోకు 1.95 కిలోల మేత పడుతోంది. ఒకే షెడ్డులో ఒకటి పెద్దది, ఒకటి చిన్నది. కింద ఊక తడిసి ముద్దవుతోంది, లోపలికి వెళ్తే కళ్ళు మండుతున్నాయి. అక్టోబరు ముసురు తర్వాత వేసిన బ్యాచ్‌లో టీకాలు వేసినా మూడు వేలకు 2,800 మిగిలాయి.

"ఆ చెక్క వల్లేనేమో అంటే మావారు మాట్లాడరు. ఆ రోజు బావగారు లేకపోతే ఏమైపోయేవాళ్ళం, ఇప్పుడు ఆయన సరుకు బాగోలేదని ఏ మొహం పెట్టుకుని చెప్పను అంటారు. కూతురి కాపురం మీదకు తెస్తున్నానని అత్తగారు నన్నే అంటున్నారు. మా అబ్బాయి అజొల్లా అనే నీటి మొక్క పెంచుదామని వీడియోలు చూపిస్తాడు. ఒక వ్యాపారి రైస్ డీడీజీఎస్ అనే మేత సరుకు తెచ్చి, సోయాతో సమానంగా ప్రొటీన్ ఉందంటున్నాడు. కంపెనీ సూపర్‌వైజర్ వచ్చి షెడ్డు మాకు పెట్టండి అంటున్నాడు. టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు. సోయాకు బదులు వేరే ప్రొటీన్ నిజంగా పనిచేస్తుందా? బావగారి మనసు కష్టపెట్టకుండా ఇందులోంచి ఎలా బయటపడాలి?" అని అడిగారు.

అమ్మా,

సాయం చేసిన మనిషి ఇచ్చిన సరుకును అనుమానించడం కృతఘ్నత కాదు. మీ అనుమానం ఆయన మీద కాదు, బస్తాలో ఉన్న చెక్క మీద. మీ ఇంట్లో అప్పూ చెక్కా కలిసి ఒకే ముడి పడిపోయాయి. అది విప్పితే తప్ప మీవారు నిమ్మళంగా ఆలోచించలేరు. విప్పడానికి మీ చేతిలో మంచి ఆధారమే ఉంది, మీ లెక్కల పుస్తకం.

అందులోని అంకెలనే తీసుకుందాం. 2,800 కోళ్ళు 1.8 కిలోల చొప్పున 5,040 కిలోల బరువు. కిలోకు 1.95 చొప్పున దాదాపు 9,800 కిలోల మేత తిన్నాయి. పాత లెక్కన 1.7 అయితే 8,600 కిలోల లోపే సరిపోయేది. అంటే 1,200 కిలోలకు పైగా మేత అదనంగా ఖర్చయింది. మీరు కలిపే మేత కిలో 36 పడుతుందని రాశారు కాబట్టి, అది 43 వేలకు తగ్గదు. చెక్క మార్చినందుకు మిగిలింది క్వింటాకు వంద రూపాయలు, బ్యాచ్ మొత్తానికి పది వేల లోపు. అదనంగా మేపిన ఆరు రోజులు, చచ్చిపోయిన రెండు వందల కోళ్ళు ఇందులో కలపనే లేదు. ఈ నాలుగు అంకెలు ఒక కాగితం మీద రాసి మీవారికి చూపించండి. బావగారి ప్రస్తావన లేకుండా చూపించండి.

అలాగని తప్పంతా చెక్కదేనని ఇప్పుడే తేల్చేయకండి. కోనసీమలో సముద్రం వైపు చాలాచోట్ల బోరు నీళ్ళు ఉప్పగా ఉంటాయి. ఉప్పు నీళ్ళు తాగిన కోళ్ళకు రెట్ట పలచబడి ఊక తడుస్తుంది. ముసురు రోజుల్లో పరదాలు దించేసి గాలి ఆడనివ్వకపోయినా అమ్మోనియా నిలిచిపోతుంది. పేగులను దెబ్బతీసే కాక్సిడియోసిస్ జబ్బు వచ్చినా ఎదుగుదల ఇలాగే ఉంటుంది. పిల్లల హేచరీ మారిందేమో కూడా చూసుకోండి. తాజాగా చచ్చిన రెండు మూడు కోళ్ళను మీ మండలం పశువైద్యుడి చేత కోయించి చూపిస్తే సగం సంగతులు తెలిసిపోతాయి. కాలేయం పాలిపోయి పసుపు రంగు తిరిగి ఉబ్బి ఉంటే నా అనుమానం నేరుగా చెక్క మీదకే పోతుంది. ఎందుకో కాస్త కింద చెబుతాను.

ముందు సోయాను అందరూ ఎందుకు అంతగా పట్టుకుని వేలాడతారో చూద్దాం. బస్తా మీద రాసే ప్రొటీన్ శాతం కోడికి అక్కరలేదు. ఆ ప్రొటీన్ లోపల ఉండే అమైనో ఆమ్లాలు కావాలి, అవీ తగిన పాళ్ళలో కావాలి. కడియపులంకలో నాలుగు రంగుల పూలు వరుస తప్పకుండా గుచ్చి దండ కడుతున్నారనుకోండి. ఒక రంగు అయిపోతే దండ అక్కడే ఆగుతుంది, మిగతా మూడు రంగులు బుట్టలో ఎన్ని ఉన్నా సరే. బ్రాయిలర్ కోడికి ముందుగా అయిపోయేవి మిథియోనిన్, లైసిన్, ఆ తర్వాత థ్రియోనిన్. మొక్కజొన్నలో లైసిన్ పావు శాతం మాత్రమే. సోయా చెక్కలో 2.8 శాతం దాకా ఉంటుంది. ఒకదాని లోటు ఇంకొకటి తీరుస్తుంది కాబట్టే ఆ జంట కుదిరింది. సోయాలో తక్కువయ్యే మిథియోనిన్‌ను విడిగా పొడి రూపంలో వేస్తారు.

వేరుశనగ చెక్కలో ప్రొటీన్ 40 శాతం పైనే ఉంటుంది. బావగారు అబద్ధం చెప్పలేదు. కానీ లైసిన్ సోయాలో ఉన్నదానికి ఇంచుమించు సగం, 1.5 శాతం లోపు. మిథియోనిన్, థ్రియోనిన్ కూడా తక్కువే. లైసిన్ అయిపోయిన చోట కోడి కండ పెరగడం ఆగిపోతుంది. మిగిలిపోయిన ప్రొటీన్ వంట్లో నిలవ ఉండదు, యూరిక్ ఆమ్లంగా మారి రెట్టలో పోతుంది. దాన్ని బయటికి పంపడానికి కోడి నీళ్ళు ఎక్కువ తాగుతుంది. ఊక తడుస్తుంది, అమ్మోనియా పుడుతుంది, మీ కళ్ళు మండుతాయి. మీరు విడివిడిగా రాసిన మూడు ఇబ్బందులకూ మూలం ఇదొక్కటే కావచ్చు.

ఈ లోటు పూడ్చవచ్చు. క్వింటా మేతలో పది కిలోల సోయా తీసి పది కిలోల వేరుశనగ చెక్క వేసినప్పుడు 130 గ్రాముల దాకా లైసిన్ పోతుంది. బజారులో దొరికే లైసిన్ పొడిలో అసలు లైసిన్ 78 శాతం కాబట్టి 165 గ్రాములు వేయాలి. థ్రియోనిన్ 65 గ్రాములు, మిథియోనిన్ ఇప్పుడు వేస్తున్నదానిపైన ఇంకో 15, 20 గ్రాములు. ఈ మూడింటికీ కలిపి క్వింటాకు యాభై రూపాయలు అయిందనుకుందాం, మీ డీలరు చెప్పే ధరతో సరిచూసుకోండి. అంటే మిగులుతుందనుకున్న వందలో సగం ఇక్కడే పోతుంది. మిగిలిన సగం నిజమైన ఆదాయమే, కాదనను. బ్యాచ్‌కు అయిదు వేలు చిన్న మొత్తం కాదు. కానీ అది బూజు లేని చెక్క అయితేనే.

ఇక బూజు సంగతి. మీ ఉత్తరంలో నన్ను నిజంగా భయపెట్టింది అక్టోబరు ముసురు తర్వాతి బ్యాచ్. 1960లో ఇంగ్లండులో లక్షకు పైగా టర్కీ కోళ్ళు కారణం తెలియకుండా చచ్చిపోయాయి. చివరికి తేలిందేమిటంటే, బ్రెజిల్ నుంచి దిగుమతైన వేరుశనగ చెక్కలో ఒక బూజు విషం ఉంది. అఫ్లాటాక్సిన్ అని దానికి పేరు పెట్టింది ఆ తర్వాతే. వేరుశనగ చెక్కకూ ఈ విషానికీ సంబంధం అంత పాతది. మంచి గింజలు తినడానికి పోతాయి, ముడుచుకుపోయినవీ బూజు పట్టినవీ మిల్లుకు వస్తాయి. ఆడినప్పుడు విషం నూనెలోకి పోయేది తక్కువ, ఎక్కువ భాగం చెక్కలోనే ఉండిపోతుంది. దానికి తోడు మన డెల్టా గాలిలో తేమ. వారం రోజులు ముసురు పడితే గోడకు ఆనించిన బస్తాలు లోపలే చెమ్మగిల్లుతాయి. పై బస్తా చూస్తే బాగానే ఉంటుంది.

ఈ విషం కంటికి కనబడదు. బూజు దులిపేసినా పోదు, ఎండబెట్టినా పోదు, వేడి చేసినా దాదాపుగా అలాగే ఉంటుంది. కోళ్ళ మేతలో కిలోకు 20 మైక్రోగ్రాములకు మించకూడదు. పసి కోడిపిల్లలకు అంత కూడా మంచిది కాదు. అది కాలేయాన్ని దెబ్బతీస్తుంది, రోగనిరోధక శక్తిని తగ్గిస్తుంది. అందుకే కొక్కెర తెగులుకు, గంబోరో అనే వైరస్ జబ్బుకు టీకాలు వేసినా సరిగా పట్టవు. మీ కోళ్ళు టీకాలు వేసినా పోయాయంటే మొదట అడగాల్సిన ప్రశ్న ఇదే. ఇది బావగారి తప్పు కూడా కాదు. ఆయన కంటికీ కనబడదు కదా. ఈ మాట మీరు ఆయనతో మాట్లాడేటప్పుడు పనికొస్తుంది, గుర్తుంచుకోండి.

కాబట్టి మొదట చెయ్యాల్సిన పని పరీక్ష. ఒక్క బస్తాలోంచి గుప్పెడు తీస్తే లాభం లేదు, బూజు అక్కడక్కడ గూడు కట్టినట్టు ఉంటుంది. పది పన్నెండు బస్తాల్లో పైన, మధ్యన, అడుగున తీసి, అంతా కలిపి, అందులోంచి కిలో పంపండి. గన్నవరం పశువైద్య కళాశాలలో పశుపోషణ విభాగం ఉంది, ఉండిలో కృషి విజ్ఞాన కేంద్రం ఉంది. నమూనా ఎక్కడ తీసుకుంటారో, ఎంత ఖర్చవుతుందో వాళ్ళను గానీ మీ పశువైద్యుణ్ణి గానీ ముందే ఫోన్‌లో కనుక్కోండి. తేమ, ప్రొటీన్, ఇసుక, అఫ్లాటాక్సిన్, యూరియా, ఈ అయిదూ చూడమనండి.

యూరియా ఎందుకంటే, ప్రొటీన్ పరీక్షలో కొలిచేది నత్రజనిని. క్వింటా చెక్కలో ఒక్క కిలో యూరియా కలిపితే ప్రొటీన్ దాదాపు మూడు శాతం ఎక్కువ చూపిస్తుంది. పశువు కడుపులోని సూక్ష్మజీవులు యూరియాను కొంత వాడుకోగలవు, కోడికి ఆ వీలు లేదు. మీ బావగారు ఇలాంటిది చేస్తారని నేను అనడం లేదు. బయటి వ్యాపారి దగ్గర కొనేటప్పుడు మాత్రం ఈ ప్రశ్న తప్పకుండా అడగాలి.

పరీక్షలో చెక్క పనికిరాదని తేలితే, పారేయడం ఇష్టంలేక గేదెలకు పెట్టకండి, ఆ విషం పాలలోకి వస్తుంది. ఇంట్లో బాతులుంటే వాటి దరిదాపులకు కూడా తేకండి, కోళ్ళకంటే బాతులు దీనికి త్వరగా లొంగిపోతాయి. చేపల చెరువులకూ వద్దు. కొబ్బరి చెట్ల పాదుల్లో మట్టి కప్పి వేసేయండి. వేరుశనగ చెక్కలో నత్రజని ఏడు శాతం దాకా ఉంటుంది, ఎరువుగా అది చాలా మంచిది. మీకు తోట ఉంది కాబట్టి ఈ దారి మీకు తెరిచే ఉంది.

మిగతా చెక్కల గురించి అడిగారు. నువ్వుల చెక్క, మన గోదావరి ఇళ్ళలో మునగాకుతో కలిపి వండుకునే తెలగపిండే, మిథియోనిన్‌లో సోయాకంటే మెరుగు. లైసిన్ మాత్రం వేరుశనగకంటే కూడా తక్కువ. కొంచెం వాడితే మిథియోనిన్ పొడి ఖర్చు కాస్త తగ్గుతుంది, అంతే. పొద్దుతిరుగుడు చెక్క కూడా అదే కోవ, పైగా పీచు ఎక్కువ. కొబ్బరి చెక్క ఊళ్ళోనే దొరుకుతుంది గానీ ప్రొటీన్ 20, 22 శాతమే. కోడి అరిగించుకోలేని పీచు, నీళ్ళు పీల్చుకుని ఉబ్బే గుణం ఉన్నాయి. సరిగా ఎండని కొబ్బరి ఆడితే ఇదే బూజు విషం ఇందులోనూ ఉంటుంది. బ్రాయిలర్ మేతలోంచి దాన్ని ఇప్పుడే తీసేయండి, అది పాడి గేదెలకు మేత. అది కూడా బూజు లేకుంటేనే. వరి తర్వాత మన దగ్గర వేసే మినుము, పెసర మిల్లుల నుంచి వచ్చే చున్నీ (పొట్టు, నూక) కూడా పశువులకే బాగుంటుంది. పత్తి చెక్కలో గాసిపోల్, ఆవచెక్కలో గ్లూకోసినోలేట్లు అనే హాని చేసే పదార్థాలు ఉంటాయి, ఇంట్లో కలుపుకునే చిన్న రైతుకు వాటితో పనిలేదు. ఆముదం చెక్క, కానుగ చెక్క విషం, షెడ్డు గుమ్మం తొక్కనివ్వకండి. చవగ్గా వచ్చాయని పచ్చి సోయా గింజలు ఆడించి వేసేవాళ్ళు కూడా ఉన్నారు. పచ్చి గింజలో ప్రొటీన్ అరగనివ్వని పదార్థం ఉంటుంది, సరిగా వేయించకపోతే నష్టమే.

డీడీజీఎస్ గురించి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఆ వ్యాపారి మళ్ళీ వస్తాడు. నూకల నుంచి ఇథనాల్ తీశాక మిగిలేదే రైస్ డీడీజీఎస్. ప్రొటీన్ 40 శాతం దాటుతుంది, అది నిజం. పెద్ద ఫీడ్ మిల్లులు దాన్ని వాడుతున్నాయి, అదీ నిజం. కానీ వాళ్ళు ప్రతి లారీనీ పరీక్షించి, దానిలో అరిగే లైసిన్ ఎంతో చూసి, ఆ మేరకు ఫార్ములా మారుస్తారు. ఎండబెట్టేటప్పుడు మాడితే లైసిన్ దెబ్బతింటుంది. ముదురు గోధుమ రంగు, మాడు వాసన ఉన్న సరుకును ముట్టుకోకండి. ఇంకో సంగతి, పిండిపదార్థం ఇథనాల్‌గా వెళ్ళిపోయాక మిగిలినదంతా చిక్కబడుతుంది. నూకల్లో కొంచెం బూజు విషం ఉంటే డీడీజీఎస్‌లో అది ఇంచుమించు మూడింతలవుతుంది. ఒక్క బస్తా నమ్మి కొనే రైతుకు నేను దాన్ని సిఫారసు చెయ్యను. రిపోర్టుతో సహా ఇస్తే, ఆఖరి దశ మేతలో, అంటే ఫినిషర్‌లో క్వింటాకు నాలుగైదు కిలోలతో మొదలుపెట్టి చూడవచ్చు.

మీ అబ్బాయి ఉత్సాహాన్ని చిన్నబుచ్చకండి. అయితే వాడితోనే ఈ లెక్క వేయించండి. అజొల్లాలో 93, 94 శాతం నీళ్ళే. వంద కిలోల పచ్చి అజొల్లా ఎండితే ఆరేడు కిలోలు, అందులో ప్రొటీన్ కిలోన్నర. ఆఖరి వారంలో మీ మూడు వేల కోళ్ళు రోజుకు అయిదు వందల కిలోల మేత తింటాయి. అందులో అయిదు శాతం అజొల్లా పొడి కలపాలంటే రోజూ నాలుగు వందల కిలోల పచ్చి అజొల్లా తియ్యాలి. చదరపు మీటరుకు రోజుకు 200 గ్రాములు వచ్చినా అరెకరం నీటి మడి కావాలి. పెరట్లో పది వనరాజా కోళ్ళు పెంచుకుంటే అజొల్లా చక్కగా పనికొస్తుంది. బ్రాయిలర్ షెడ్డుకు అది దారి కాదు.

ఇప్పుడు మీ ముందున్న దారులు.

ఒకటి, రాబోయే రెండు బ్యాచ్‌లు పూర్తిగా పాత పద్ధతిలో, సోయాతోనే నడపడం. క్వింటాకు వంద ఎక్కువవుతుంది. కానీ 38 రోజులకు రెండు కిలోలు మళ్ళీ వస్తే కారణం చెక్కేనని నోరెత్తకుండానే రుజువవుతుంది. రాకపోతే నీళ్ళూ గాలీ పిల్లలూ చూసుకోవాలి. నేనైతే ముందు ఈ పని చేస్తాను. సోయా ధర నిలకడగా ఉండదన్న భయం న్యాయమైనదే. 2021లో కొన్ని నెలల్లోనే రెట్టింపు దాటితే ప్రభుత్వం ఆగస్టులో 12 లక్షల టన్నుల దిగుమతికి అనుమతించాల్సి వచ్చింది. ఆ భయం ఉన్నా, ఇవాళ మీకు కావలసింది చవక మేత కాదు, జబ్బు ఎక్కడుందో తేలడం.

రెండు, పరీక్షలో నెగ్గిన వేరుశనగ చెక్కను కొద్దిగా వాడుకోవడం. దీనికి నియమాలున్నాయి. మూడు వారాల వయసు దాకా ఒక్క గ్రాము కూడా వద్దు, పసి కోడిపిల్లల పేగు ఇంకా ముదరదు. అక్కడ ఆదా చెయ్యడానికి కూడా పెద్దగా ఏమీ ఉండదు, ఎందుకంటే కోడి జీవితంలో తినే మేతలో మూడింట రెండు వంతులు 21వ రోజు తర్వాతే తింటుంది. ఫినిషర్‌లో క్వింటాకు అయిదు, మహా అయితే ఎనిమిది కిలోలు. పైన చెప్పిన లైసిన్, థ్రియోనిన్, మిథియోనిన్ ఆ పాళ్ళలోనే కలపాలి. టాక్సిన్ బైండర్ (బూజు విషాన్ని కొంత పట్టి ఉంచే పొడి) వేయండి గానీ, బైండర్ ఉంది కదా అని బూజు చెక్క వేయకండి. ఒక్కసారిగా షెడ్డంతా మార్చకుండా వలతో ఒక మూల అడ్డుకట్టి రెండు వందల కోళ్ళకు మాత్రం ఈ మేత పెట్టి, వారం వారం తూకం వేసి పుస్తకంలో రాయండి. ఈ దారిలో మిగిలేది బ్యాచ్‌కు రెండు మూడు వేలే. శ్రమ మాత్రం ఎక్కువ. ప్రతి లోడుకూ పరీక్ష చేయించే ఓపిక లేకపోతే ఈ దారి పట్టకండి.

మూడు, మంచి కంపెనీ తయారు మేత కొనడం. కిలోకు ఎక్కువే పడుతుంది. మీవారికి కలిపే బాధ తప్పుతుంది, గుళిక మేత కాబట్టి పారబోత తక్కువ. బ్యాచ్ ముందే డబ్బు కావాలి, అప్పున్న ఇంటికి అది కష్టం.

నాలుగు, షెడ్డు కంపెనీకి పెట్టడం. పిల్లలు, మేత, మందులు వాళ్ళవి. షెడ్డు, కరెంటు, కూలి మీవి. పెంచినందుకు కిలోకు ఇంత అని ఇస్తారు. ధర పడిపోయినా మీ నెత్తిన పడదు, 2025లో జరిగినట్టు మళ్ళీ జరిగినా బాకీల్లో కూరుకుపోరు. చెక్క తగువు దానంతటదే తీరిపోతుంది. కానీ ధర బాగున్న రోజుల్లో ఆ లాభం కూడా మీది కాదు. ఎప్పుడు పిల్లల్ని వేస్తారో, బ్యాచ్‌కీ బ్యాచ్‌కీ మధ్య ఎన్నాళ్ళు షెడ్డు ఖాళీగా ఉంచుతారో వాళ్ళిష్టం. మూడు లక్షల బాకీ తీరడానికి ఎక్కువ కాలం పడుతుంది. సంతకం పెట్టే ముందు మీ చుట్టుపక్కల ఆ కంపెనీకి పెంచుతున్న ఇద్దరు ముగ్గురి పాస్‌బుక్కులు చూడండి. కోళ్ళు చస్తే ఎంత కోస్తారో, మేత ఎక్కువ తింటే ఎంత కోస్తారో అడిగి తెలుసుకోండి. మీవారికి సొంతంగా మేత కలపడం మీద ఎంత మమకారం ఉందో కూడా ఆలోచించండి, అది డబ్బుతో కొలిచేది కాదు.

ఇక బావగారి సంగతి. ఈ మాట మీరు చెప్పకూడదు, అత్తగారి ద్వారా వెళ్ళకూడదు. మీవారే చెప్పాలి, ఫోన్‌లో కాకుండా వెళ్ళి చెప్పాలి. వెళ్ళేటప్పుడు చేతిలో రెండు ఉండాలి. ఒకటి పరీక్ష రిపోర్టు. రెండోది అప్పులో ఎంతో కొంత, పదివేలైనా సరే. "బావగారూ, మీ డబ్బు బ్యాచ్‌కు ఇంత చొప్పున తీరుస్తాను, ఇది మొదటిది. కోళ్ళు ఎదగక బాగా నష్టపోయాం, డాక్టరుగారు మేత పరీక్ష చేయించమన్నారు, ఇదిగో వచ్చింది" అని కాగితం ఆయన చేతికి ఇవ్వాలి. బాగోలేదని మీవారు తన నోటితో అనవలసిన పనిలేదు. అప్పు తీర్చడం మొదలైతే చెక్క కొనడం సాయానికి బదులుగా ఉండదు, మామూలు బేరం అవుతుంది. బూజు ఉందని తేలితే ఆ సంగతి ఆయనకు తెలియడం ఆయనకే మేలు. ఆ చెక్క ఇంకెందరి గేదెలకు, చెరువులకు పోతోందో కదా. గింజలు ఎక్కడ కొంటున్నారో, గోదాములో బస్తాల కింద చెక్క బల్లలు వేస్తున్నారో లేదో ఆయనే చూసుకుంటారు. ఎరువుకు కావలసిన చెక్క మాత్రం ఆయన దగ్గరే కొనండి. మీ తోటకు ఏటా పనికొస్తుంది, రాకపోకలు తెగవు.

ఆయన నొచ్చుకోవచ్చు, రెండు నెలలు ముభావంగా ఉండవచ్చు. వడ్డీ లేకుండా మూడు లక్షలు సర్దిన మనిషి మీ షెడ్డు దివాలా తీయాలని కోరుకోరని నా నమ్మకం. ఒకవేళ "చెక్క వద్దంటే నా డబ్బు ఇచ్చేయండి" అంటే, ఆ మాట ఇప్పుడే బయటపడటం మంచిది. అప్పుడు నాలుగో దారి గురించి గట్టిగా ఆలోచించండి, డ్వాక్రా సంఘంలోనో బ్యాంకులోనో ఎంత అప్పు పుడుతుందో ఇవాళే కనుక్కుని ఉంచండి.

అత్తగారితో వాదన పెట్టుకోకండి. ఆవిడ భయమల్లా కూతురి గురించి. మీ ఆడపడుచుకు మీరే ఒకసారి ఫోన్ చేసి, కోళ్ళ సంగతి, నష్టం సంగతి ఉన్నదున్నట్టు చెప్పండి. చెక్క గురించి కాకుండా మీ ఇబ్బంది గురించి చెప్పండి. ఆమెకు ముందే తెలిసి ఉంటే, మీవారు వెళ్ళినరోజు ఆ ఇంట్లో మీ తరఫున ఒక మనిషి ఉంటుంది.

కొత్త పిల్లల్ని దించకముందే నమూనా పంపండి. ఉన్న మేతలో ఆ చెక్క కలిపినది మిగిలి ఉంటే పిల్లలకు వేయకండి. మేత గదిలో బస్తాలు గోడకు జానెడు దూరంగా, బల్లల మీద పేర్చండి. రిపోర్టు వచ్చాక అందులోని అయిదు అంకెలు, మీరు వేసే మొక్కజొన్న, నూక, తవుడు, సోయా పాళ్ళు, ప్రీమిక్స్ (విటమిన్లు, ఖనిజాల పొడి) వివరాలు రాసి పంపితే, ఫినిషర్ ఫార్ములా మీ ధరలతోనే వేసి చూపిస్తాను.